కడియం నర్సరీకి 60 వేల వెబ్‌సైట్ అవసరమా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బుర్రిలంక దగ్గర ఎకరంన్నర నర్సరీ, ఇన్నాళ్లూ నాన్నగారు చూసుకున్నారు, ఇప్పుడు మీ చేతికొచ్చింది. రాజమండ్రిలో ఒకాయన వెబ్‌సైట్‌కి 60 వేలు, ఆపైన ఏటా 12 వేలు మెయింటెనెన్స్ అన్నాడు. ‘గూగుల్‌లో ఫస్ట్ పేజీ గ్యారంటీ’ అని కాగితం మీదే రాసిచ్చాడు. పక్క నర్సరీకి సైటుంది, మనకీ ఉండాలా, లేక ఇన్‌స్టాగ్రామ్ సరిపోతుందా అని మీ సందేహం.

ఆ కొటేషన్‌కి ఒప్పుకోకండి. వెబ్‌సైట్ మీకు పనికొస్తుంది గానీ ఆయన చూపించిన రకం పనికిరాదు. ‘మా గురించి’, ‘మా ఆశయం’, ‘మా సేవలు’, పైన తిరిగే పెద్ద ఫొటోలు, అవి కూడా ఎక్కడో విదేశీ తోటలవి. అందులో మీ దగ్గరున్న ఒక్క మొక్క సైజు గానీ రేటు గానీ ఉండదు. కడియం, కడియపులంక, దుళ్ల, వేమగిరి చుట్టుపక్కల ఇలాంటి సైట్లు చాలా చూశాను. పేరూ ఫోన్ నంబరూ మారిస్తే ఎవరిదైనా ఒకటే. కొనేవాడికి కావలసింది మీ స్టాక్ లిస్టు. అది చూపించే సైటైతే నాలుగు పేజీలు చాలు. చూపించకపోతే లక్ష పెట్టినా దండగే.

ముందు మీ దగ్గర కొనేదెవరో చూద్దాం. హైవే మీద పోతూ కారాపి నాలుగు గులాబీలు, ఒక కరివేపాకు మొక్క పట్టుకెళ్లేవాళ్లు ఒక రకం. వాళ్లకి మీ బోర్డు, రోడ్డు పక్కన పెట్టిన పూల మొక్కలు చాలు. ఏటా వచ్చే రైతులు, బయటి ఊళ్లలో చిన్న నర్సరీలు నడిపేవాళ్లు రెండో రకం. వాళ్లు నాన్నగారి ఫోన్‌కే చేస్తారు, వాళ్ల కోసమూ సైటు అక్కర్లేదు. ఇక మూడో రకం హైదరాబాద్, బెంగళూరు నుంచి లారీ లోడు అడిగే ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టర్లు, వెంచర్ల వాళ్లు, అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లు. మీ సైటు వీళ్ల కోసమే.

ఆ కాంట్రాక్టరు ఎలా కొంటాడో ఊహించండి. ఆర్కిటెక్టు ఇచ్చిన లిస్టు చేతిలో ఉంటుంది: మిల్లింగ్‌టోనియా 200, టబెబుయా రోజియా 150, 21×21 అంగుళాల బ్యాగు, పదడుగుల ఎత్తు, పదిహేను రోజుల్లో పని జరిగే చోటికి చేరాలి. సైట్ ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో వెతుకుతాడు, కనబడ్డ నర్సరీలన్నిటికీ వాట్సాప్‌లో ఒకే మెసేజ్ పడేస్తాడు. ఎవరు ముందు ఫొటో, సైజు, రేటు పంపిస్తే బేరం వాళ్లతో మొదలవుతుంది. ‘రండి సార్, చూసుకుని మాట్లాడుకుందాం’ అన్నవాళ్ల దగ్గరికి ఆయన రాడు. వచ్చినా పక్కవాడి రేటు జేబులో పెట్టుకునే వస్తాడు.

కాబట్టి మొదటి పని పుస్తకం తీసుకుని మడి మడికీ తిరిగి రాసుకోవడం. మొక్క పేరు, బ్యాగు సైజు, ఎత్తు, పెద్ద మొక్కలకైతే మాను లావు, ఎన్ని ఉన్నాయి, రేటు, ఏ తారీఖున చూశారు. తారీఖు లేని లిస్టు లేనట్టే. మన దగ్గర ఎవరి నర్సరీలోనూ అన్నీ ఉండవు. లారీ నింపడానికి పక్కవాళ్ల దగ్గర్నుంచి తెచ్చి కలుపుతాం. ఆ సంగతి దాచక్కర్లేదు. ‘మా దగ్గర ఉన్నవి’, ‘తెప్పించి ఇచ్చేవి’ అని రెండు భాగాలుగా రాయండి. కొనేవాడికి కూడా ఒకే లారీ, ఒకే బిల్లు, ఒకే మనిషి బాధ్యత కావాలి. అది మీరిస్తానంటే ఆయనకి సంతోషమే.

రేట్లు బయట పెడితే పక్కవాడు రూపాయి తగ్గించి లాగేస్తాడని నాన్నగారు అంటారు. అనాలి కూడా, ఆయన అనుభవం అది. అయినా పెట్టమనే నేను చెబుతాను. పక్కవాడికి మీ రేటు తెలుసుకోవడానికి వెబ్‌సైటే అక్కర్లేదు, మీ కూలీలే సాయంత్రం ఆయన మడుల్లో పనిచేస్తారు. రేటు కనబడకపోతే ఆగిపోయేది కొనేవాడి ఫోనే. మరీ ఇబ్బందైతే విడి రేటు రాసి, వంద దాటితే ఫోన్‌లో మాట్లాడుకుందాం అని పెట్టండి. లోడింగ్ కూలి రేటులో కలిసిందా లేదా, లారీ ఎవరిది, దారిలో ఎండిన మొక్కల నష్టం ఎవరిది, ఈ మూడూ కూడా అక్కడే రాయండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి. ముందే రాసిపెట్టినవాడి మీద కొనేవాడికి నమ్మకం కుదురుతుంది.

పేర్ల దగ్గర కాస్త శ్రద్ధ పెట్టాలి. మనం ఆకాశమల్లి అంటాం, కాంట్రాక్టరు మిల్లింగ్‌టోనియా అని కొడతాడు. మన పొగడ ఆయన కాగితంలో మిమ్యుసాప్స్ ఎలెంగి. మన కానుగ అక్కడ పొంగామియా. దేవగన్నేరు ప్లుమేరియా. నూరువరహాలు ఇక్సోరా. ఇంగ్లిష్ అక్షరాల్లో శాస్త్రీయ నామం, వాడుకలో ఉన్న ఇంగ్లిష్ పేరు, తెలుగు పేరు, మూడూ ఒకే వరసలో ఉండాలి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ నర్సరీ బోర్డు మీద ఉన్నట్టు కాకుండా వృక్షశాస్త్రం పుస్తకంలో ఉన్నట్టు రాయండి. ఒక్కో ముఖ్యమైన మొక్కకి విడిగా ఒక పేజీ ఉంటే ఇంకా మంచిది. ‘బెస్ట్ నర్సరీ ఇన్ ఆంధ్ర’ అన్న మాట కోసం వందమంది కొట్టుకుంటుంటే, ‘టబెబుయా రోజియా 21×21 కడియం’ అన్న మాటకి పోటీ ఎవరున్నారు? ఆ మాట కొట్టేవాడు ఊరికే చూసిపోయే రకం కాదు, చేతిలో ఆర్డరున్న మనిషి.

తెలుగు రాసేటప్పుడు ఒక చిక్కుంది. మీ కరపత్రం, విజిటింగ్ కార్డు డీటీపీ షాపులో అనూ ఫాంట్లలో కొట్టించి ఉంటారు. ఆ అక్షరాలు యూనికోడ్ (ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు. తీసుకెళ్లి సైట్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. అందుకని చాలామంది దాన్నే బొమ్మగా మార్చి అతికిస్తారు. మనిషికి కనిపిస్తుంది గానీ పేజీలో అక్షరాలున్నట్టు గూగుల్ లెక్కలోకి రాదు. ఫోన్‌లో మనం వాట్సాప్‌కి కొట్టే తెలుగు యూనికోడే, మళ్లీ దానితోనే కొట్టుకోండి. రేట్ల పట్టికని ఫొటో తీసి పెట్టడం కూడా ఇదే తప్పు.

ఫొటోల గురించి నాకు పట్టింపు ఎక్కువ. మొక్క పక్కన అడుగులు గుర్తుపెట్టిన కర్ర నిలబెట్టి తీయండి. అదొక్కటి చాలు, పదడుగులని మీరు చెబితే నమ్మని మనిషి కూడా ఫోన్ చేస్తాడు. బ్యాగు మొత్తం కనబడాలి, వేరు దగ్గర మట్టి గట్టిగా ఉందని తెలియాలి. మడి మొత్తానిది ఒక ఫొటో, ఒక్క మొక్కది ఒక ఫొటో ఉండాలి. పొద్దున్న ఎండ ముదరకముందు తీస్తే ఆకుల రంగు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఫిల్టర్లు వేయొద్దు. లారీ లోడయ్యేటప్పుడు ఒక నిమిషం వీడియో తీసి పెట్టుకోండి, ఎక్కడో ఉండి అడ్వాన్సు పంపించేవాడికి ధైర్యం వచ్చేది దాంతోనే.

రెండో పని గూగుల్ మ్యాప్స్‌లో మీ నర్సరీ. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటారు, 2021 నవంబరు దాకా గూగుల్ మై బిజినెస్ అనేవారు. పైసా ఖర్చు లేదు. ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ లిస్టింగ్ తీసేస్తాం, డబ్బు కట్టండి’ అని ఫోనొస్తే పెట్టేయండి. పేరు బోర్డు మీద ఏముందో అదే ఇవ్వండి. ‘ఫలానా నర్సరీ హోల్‌సేల్ ప్లాంట్స్ కడియం బెస్ట్ ప్రైస్’ అని తగిలిస్తే నిబంధనలకి విరుద్ధం, ప్రొఫైల్ నిలిపేస్తారు. కేటగిరీ దగ్గర జాగ్రత్త: ప్లాంట్ నర్సరీ ఎంచుకోవాలి. నర్సరీ స్కూల్ ఎంచుకుని అడ్మిషన్ల ఫోన్లు ఎత్తుకుంటున్న మహానుభావులు మన దగ్గర లేకపోలేదు.

ఆ ప్రొఫైల్ మీదేనన్న నిర్ధారణకి ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. కనీసం 30 సెకన్లు, ఆపకుండా తీయాలి. రోడ్డు, బోర్డు, లోపలి మడులు, మీరే యజమాని అని తెలిసేలా ఆఫీసు గది తాళం తీయడం గానీ బిల్లు పుస్తకం గానీ చూపించండి. మ్యాప్ మీద గుర్తు సరిగ్గా మీ గేటు మీద పడిందో లేదో నాలుగుసార్లు చూసుకోండి. కాలవ గట్టు మీదో పక్క నర్సరీ మీదో పడితే లారీ డ్రైవరు అక్కడే దిగుతాడు. పక్కాయన మర్యాదగా మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి తన మొక్కలు చూపిస్తాడు. తప్పు పట్టలేం.

ఇక రివ్యూలు. మొక్క ఉచితంగా ఇస్తాం, ఐదు నక్షత్రాలు కొట్టండి అని అడగకూడదు, గూగుల్ ఒప్పుకోదు. లారీ దిగాక ‘మొక్కలు బాగా చేరాయా అండీ, ఒక ఫొటోతో నాలుగు మాటలు రాయండి’ అని లింకు పంపండి. పదిమందిలో ఇద్దరు రాసినా చాలు. చెడ్డ రివ్యూ వస్తే వాదించొద్దు. ఏ రోజు లోడు పంపాం, ఏం జరిగింది, ఏం చేశాం అని మూడు ముక్కల్లో జవాబు రాయండి. ఆ జవాబు చదివేది రివ్యూ రాసినాయన కంటే తర్వాత కొనబోయేవాళ్లే.

ఇప్పుడు ఆ గ్యారంటీ సంగతి. ఏ మాట కొడితే మొదటి పేజీ అని ఆయన్ని అడగండి. మీ నర్సరీ పేరు కొడితే వస్తుందంటాడు. అది ఎలాగూ వస్తుంది, దానికి 60 వేలెందుకు? మొదటి స్థానంలో ఖాయంగా నిలబెడతామని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన సూచనల్లో రాసింది. మ్యాప్ ఫలితాలకైతే అది చూసేవి మూడు: వెతికినదానికి మీరు ఎంత సరిపోతారు, వెతికిన మనిషికి ఎంత దూరంలో ఉన్నారు, మీ పేరు ఎంత ప్రచారంలో ఉంది. డబ్బు కట్టి ఆ వరస మార్చుకోవడం కుదరదని కూడా స్పష్టంగా చెప్పింది. హైదరాబాద్ కొండాపూర్‌లో కూర్చుని ‘నియర్ మీ’ (నా దగ్గర్లో) అని కొట్టినవాడికి బుర్రిలంక కనబడదు, ఎవరికి ఎంత ఇచ్చినా.

లిస్టూ ఫొటోలూ మ్యాపూ కుదిరాక సైటు చేయించండి. నాలుగైదు పేజీలు, స్టాక్ పట్టిక మీరే ఫోన్ నుంచి మార్చుకునేలా, పైనా కిందా ఫోన్ బటన్, వాట్సాప్ బటన్. మన వైపు 15 నుంచి 25 వేలలో చేసిచ్చేవాళ్లు దొరుకుతారు. సైటు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ ఉచితమే, ఆ ఖర్చంతా మనిషి పనికి. డొమైన్ పేరుకి, అంటే సైటు చిరునామాకి, ఏడాదికి వెయ్యి అటూ ఇటూ, సైటు ఉంచే చోటుకి (హోస్టింగ్) మూడు నాలుగు వేలు. మొదటి ఏడాది 99 రూపాయలని ఊరించి రెండో ఏడాది అసలు రేటు చూపిస్తారు, రెన్యువల్ రేటే అడగండి. స్టాక్ లిస్టు గూగుల్ షీట్‌లో ఉంచుకోవడం సులువు, కానీ షీట్‌ని అలాగే పేజీలో అతికించమనకండి. అందులో మాటలు మీ పేజీ మాటలుగా గూగుల్ లెక్కకి వస్తాయన్న నమ్మకం లేదు. షీట్‌లోంచి పేజీలోకి అక్షరాలుగా వచ్చేలా చేయమనండి, పని తెలిసినవాడికి అదేం పెద్ద విషయం కాదు.

ఫోన్‌లో తీసిన ఫొటో ఒక్కోటి మూడు నాలుగు ఎంబీలుంటుంది. అవి యాభై ఎక్కిస్తే సిగ్నల్ సరిగా లేని చోట పేజీ తెరుచుకునేలోపు మనిషి వెళ్లిపోతాడు. 200 కేబీ లోపుకి తగ్గించమనండి. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలో కనబడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. డబ్బు మొత్తం ఇచ్చేముందు మీ పాత ఫోన్‌లో, వైఫై ఆపేసి, మడుల మధ్య నిలబడి తెరిచి చూడండి.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది: తాళాలు మీ దగ్గరే ఉండాలి. రాజమండ్రిలో ఒక లాడ్జి వాళ్లు డొమైన్ పేరు, హోస్టింగ్, మ్యాప్ ప్రొఫైల్ అన్నీ చేసిన కుర్రాడి మెయిల్‌తోనే పెట్టించారు. అతను ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, ఫోన్ నంబరు మారింది, రెన్యువల్ తప్పింది. బోర్డు మీద, బిల్లుల మీద, ఆటోల వెనక వేయించిన ఆ పేరు వేరెవరో కొనుక్కున్నారు. కొత్త పేరుతో మళ్లీ మొదట్నుంచీ మొదలెట్టారు. డొమైన్ మీ మెయిల్‌తో, మీ ఫోన్‌తో, మీ కార్డుతో కొనండి. మ్యాప్ ప్రొఫైల్‌కి అసలు యజమాని మీరు, డిజైనర్‌కి మేనేజరు హోదా చాలు. దీనికి ఒప్పుకోనివాడితో పని పెట్టుకోవద్దు, ఎంత తక్కువకి చేస్తానన్నా సరే. ఏటా 12 వేలు దేనికో కూడా రాయించుకోండి. బ్యాకప్పులు, అప్‌డేట్లు, నెలనెలా స్టాక్ మార్పు కలిపితే ఆ డబ్బుకి న్యాయం ఉంది. ఊరికే సైటు ఉంచడానికైతే లేదు.

యాడ్స్ ఇప్పుడే వద్దు. వానలు పడి నాట్లు మొదలయ్యే జూన్‌కి ముందు, ఏప్రిల్ మే నెలల్లో కొద్దిగా ప్రయత్నించండి, అదీ లిస్టు సిద్ధంగా ఉంటేనే. గూగుల్ యాడ్స్‌లో ఊరు ఎంచుకునే చోట మామూలుగా ఉండే సెట్టింగు ఆ ఊళ్లో ఉన్నవాళ్లతో పాటు ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లకి కూడా చూపిస్తుంది. ఉన్నవాళ్లకి మాత్రమే అని మార్చుకోవాలి. తర్వాత వద్దనే మాటల లిస్టు ఇవ్వాలి: స్కూల్, అడ్మిషన్, ఫీజు, రైమ్స్, సిలబస్. లేకపోతే పిల్లాణ్ణి బడిలో వేసే తల్లిదండ్రులు మీ డబ్బుతో క్లిక్కులు కొడతారు. కడియం అన్న మాటకీ అంతే. వెండి కడియాల మోడళ్లు చూసేవాళ్లూ, తెలంగాణ నాయకుడు కడియం శ్రీహరి గారి వార్తలు వెతికేవాళ్లూ ఉంటారు, వాళ్లనీ తప్పించాలి. ఇంకో లెక్క: మొక్కల మీద జీఎస్టీ లేదు కాబట్టి మనలో చాలామందికి రిజిస్ట్రేషన్ ఉండదు. యాడ్స్ మీద మాత్రం 18 శాతం పడుతుంది, అది మనకి తిరిగి రాదు. పదివేలు అనుకుంటే 11,800 అనుకోండి.

నంబరు బయటపెట్టాక దొంగ ఫోన్లు కూడా వస్తాయి. ‘ఆర్మీ క్యాంపు నుంచి, 500 మొక్కలు కావాలి, అడ్వాన్సు పంపిస్తున్నాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటారు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదు. ఈ మాట నాన్నగారికీ, ఫోనెత్తే గుమాస్తాకీ ముందే చెప్పండి. పొరపాటున పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

వాట్సాప్ బిజినెస్ యాప్ ఇప్పుడే పెట్టేసుకోండి. కేటలాగ్‌లో 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు, మీకు అది ఎక్కువే. ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఒక్కోదాంట్లో 256 మందే, అదీ మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయ్యుంటేనే వెళ్తుంది. అందుకని లోడు పంపిన ప్రతివాళ్లనీ ‘నంబరు సేవ్ చేసుకోండి, కొత్త స్టాక్ వచ్చినప్పుడు పెడతాను’ అని అడగండి. వారానికి ఒకసారి చాలు. రోజూ గుడ్‌మార్నింగులు పంపితే బ్లాక్ చేస్తారు.

ఫోన్ చేసిన ప్రతివాణ్ణీ ‘ఎక్కడ చూసి చేశారండీ’ అని అడిగి పుస్తకంలో రాయండి. మ్యాప్ ప్రొఫైల్‌లో ఎన్ని ఫోన్లు వచ్చాయో, ఎంతమంది దారి అడిగారో కనబడుతుంది. సైటు వచ్చాక గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఏ మాట కొట్టి వచ్చారో కనబడుతుంది, అదీ ఉచితమే. అందులో మీ దగ్గర లేని మొక్క పేరు పదే పదే వస్తుంటే వచ్చే ఏడాది ఏ అంట్లు కట్టాలో మీకే తెలుస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్ గురించి అడిగారు. ఇంటి మేడ మీద కుండీలు పెట్టుకునేవాళ్లు అక్కడ ఎక్కువ, వాళ్లకి మొక్కలు పార్శిల్ చేసే ఏర్పాటు మీకుంటే రీల్స్ చేయండి. లారీ లోడ్లే మీ వ్యాపారమైతే ఆ టైము యూట్యూబ్‌కి పెట్టండి. కాంట్రాక్టర్లు కడియం నర్సరీల వీడియోలు అక్కడే చూస్తారు. మడుల్లో నడుస్తూ మొక్క పేరు, బ్యాగు, ఎత్తు చెప్పండి చాలు. రేటు నోటితో చెప్పొద్దు, వీడియో మూడేళ్ల తర్వాత కూడా తిరుగుతూ ఉంటుంది, అప్పుడు ఆ రేటుకే ఇమ్మంటారు. కింద వివరణలో స్టాక్ పేజీ లింకు ఇవ్వండి, రేటు అక్కడ చూసుకుంటారు. మీ లిస్టు తయారయ్యాక ఒక ఇరవై మొక్కల వరస ఇక్కడ పెట్టండి, పేర్లూ స్పెల్లింగులూ చూసి చెబుతాను.